ఆ నంబరు చెబితే వస్తానన్నాడు

ముందుగా ఒక మాట. రాతలో తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, నలభై దాటాక, అది కూడా వంటగదిలో. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. ఒక పేజీకి ఒక పూట పడుతుంది, మధ్యలో పప్పు అడుగంటితే లేచి వెళ్లాలి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి. ఇందులో మనిషిని పేరు పెట్టి పిలిచాను. అలా అయితేనే చెయ్యి కదిలింది.

అద్దం కింద పిల్లలున్నారు. అందరూ పైకే చూస్తున్నారు. చిక్కడపల్లిలో వేదవతి మేడమ్ ఇంటి ముందు గది, కిటికీ అవతల మబ్బు దిగి పగలే మసకబారింది, పెంటమ్మ బల్ల అంచున రెండు చేతులూ ఆనించి ఆ మొహాలనే చూస్తోంది, ఎందుకంటే ఒళ్లో ఉన్న ఫోను వైపు చూడటానికి ధైర్యం చాలడం లేదు. బల్ల మీద మందపాటి అద్దం, అద్దం కింద వరసలు వరసలుగా చిన్న ఫోటోలు. మేడమ్ లెక్చరరుగా రిటైరైన దగ్గర్నుంచి ఈ గదిలోనే కూర్చుని, ఇంటర్ పాసై ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు ఏ కాలేజీ ముందు పెట్టాలో ఏది వెనక పెట్టాలో చెప్పి, కంప్యూటర్లో దగ్గరుండి నింపిస్తారు. సీటు ఖాయమైన పిల్లలు ఒక ఫోటో తెచ్చిస్తారు, మేడమ్ అద్దం అంచు కొంచెం లేపి లోపలికి తోస్తారు. ఖాయం కానివాళ్ల ఫోటో తీసుకోరు. పాత ఫోటోలు కిటికీ ఎండకు వెలిసిపోయి, ముక్కూ నోరూ చెరిగిపోయి, కళ్లున్న చోట రెండు మచ్చలు మిగిలాయి. ఆ మచ్చలు కూడా పైకే చూస్తున్నాయి, నీళ్ల అడుగున పడుకుని పైన ఎవరు నడుస్తున్నారో చూసినట్టు. పెంటమ్మ కూతురు రోజా ఫోటో ఇంకా అద్దం పైనే ఉంది, ఫ్యాను గాలికి కొద్దిగా లేస్తూ, మళ్లీ పడుకుంటూ. ఎగిరిపోతుందేమోనని పెంటమ్మ దాని మీద వేలు పెట్టింది, పెట్టి, కూతురి మొహం మీద పెట్టినట్టనిపించి తీసేసింది.

సీటు వచ్చింది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీ, బీఎస్సీ మైక్రోబయాలజీ, రోజా మొదటగా పెట్టుకున్నదే. కానీ వచ్చిన సీటు తనకు కావాలని సైటులో చెప్పాలి, ఈ రోజు ఐదింటిలోపు. చెప్పకపోతే అది వరసలో ఉన్న ఇంకో పిల్లకు పోతుంది, తర్వాత ఏ ఊరి చివర ఏ కాలేజీలో ఏం మిగిలితే అది. ఇంతవరకూ వేలిముద్రతో, పాస్‌వర్డుతో పని నడిచింది. ఈ ఆఖరి మెట్టు దగ్గర కంప్యూటరు ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ పెద్దులు నంబరుకు పోయింది. పెద్దులు పెంటమ్మ భర్త. పెద్దులు ఫోను పెద్దులుతో పాటే మట్టిలో ఉంది.

“నాయిన నంబరెందుకిచ్చినవే” అని పెంటమ్మ అడిగితే రోజా తల దించుకుంది. “నెట్ సెంటరాయన నంబర్ చెప్పమ్మ అన్నడు. నోట్లకెళ్లి అదే వచ్చింది. నేనేం జేయాలె.” మేడమ్ విసుక్కోలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మార్చాలంటే హెల్ప్ సెంటరుకి వెళ్లాలి, అది రెండింటికే మూసేశారు. ఆ నంబరు ఇప్పుడెవరి దగ్గరో ఉండే ఉంటుంది. చేసి అడుగుదాం, అంతే కదా.” అంతే కదా అన్నారు మేడమ్. తన ఫోను నుంచి చేశారు. మోగింది, మోగి మోగి ఆగింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. ఆ మోగడం మేడమ్ చెవి దగ్గర్నుంచి సన్నగా బయటికొచ్చి గోడలకు తగులుతోంది, పెంటమ్మకు మాత్రం అది పైనుంచి కాక కాళ్ల కిందనుంచి వస్తున్నట్టుంది.

నోట్లోంచి అదే వస్తుంది మరి, ఎందుకు రాదు. ఆ పది అంకెలూ ఆ ఇంట్లో ఉగ్గుపాలతో పట్టినవి. ఊరి నుంచి వచ్చిన కొత్తలో పెద్దులు ట్రాలీ రిక్షా తొక్కేవాడు, అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలు ఒక హాస్టల్ ఖాళీ చేసి ఇంకో హాస్టల్‌కు పోతుంటే వాళ్ల ట్రంకు పెట్టెలు, పరుపులు, పుస్తకాల కట్టలు మోసేవాడు, పెంటమ్మ వెనక నుంచి తోసేది. నారాయణగూడ చౌరస్తాలో ఒకసారి జనంలో విడిపోయింది, పొద్దూకేదాకా ఒకే స్తంభం దగ్గర నిలబడింది. ఆ రాత్రి నుంచి అతను ముందు తొక్కుతూ అంకెలు చెప్పేవాడు, ఆమె వెనక తోస్తూ తిరిగి చెప్పేది. సున్నా వచ్చిన చోట గుండు అనేవాడు, ‘తొమ్మిది, గుండు, గుండు’ అని నున్నగా గీయించుకున్న తన తల మీద చరుచుకునేవాడు, ఆమె నవ్వితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాడు. “ఎక్కడ తప్పిపోయినా సరే, ఎవలకన్నా ఈ నంబర్ చెప్పు. నేనొచ్చి తీస్కపోత.” తర్వాత రోజా పుట్టి, మాటలు వచ్చి, బడికి పోయే ముందు దానికీ అదే పాఠం, అదే ‘గుండు’, అదే మాట, నేనొచ్చి తీస్కపోత. బడిలో ఆ నంబరే రాశారు, రేషన్ కార్డు మీద అదే, ఆసుపత్రి చీటీ మీద అదే. అతను పోయాక కూడా ఎవరు నంబరు అడిగినా పెంటమ్మ నోరు అదే చెప్పింది. తన నంబరు ఆమెకు కంఠతా రాదు. తనకు తాను ఎవరు ఫోన్ చేసుకుంటారు.

అతను పోయినప్పుడు ఊళ్లో తమ మెట్ట చెలక పక్కన మట్టిలో పెట్టారు. వాళ్లలో కాల్చరు, పెడతారు. పోయే మనిషికి చేతికి అలవాటైనవి పక్కన పెట్టి పంపడం వాళ్ల పద్ధతి, ముసలమ్మ అయితే వక్కల సంచి, తాగే మనిషైతే సీసా. పెద్దులుకు బీడీల కట్ట పెట్టారు, అగ్గిపెట్టె పెట్టారు, తువ్వాల పెట్టారు. అప్పుడు అతని అన్న తన అడ్డపంచె మడతలోంచి ఆ బటన్ల ఫోను తీసి, ఇది లేకుండ ఎట్లుంటడు, అని ఛాతీ మీద పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. దాని తెర ఇంకా వెలుగుతోంది. మొదటి పార మట్టి పడ్డప్పుడు కూడా వెలుగుతూనే ఉంది, పెంటమ్మ చూసింది, ఆకుపచ్చగా, చిన్న కిటికీలా. తర్వాత మట్టి కప్పేసింది. ఆరిపోవడం ఆమె చూడలేదు. ఆ సంగతి ఇన్నేళ్లుగా ఆమెలో ముల్లులా ఉంది, ఆరిపోవడం చూడలేదు.

కిటికీ బయట చినుకులు మొదలయ్యాయి. కరెంటు ఒకసారి కళ్లు మూసి తెరిచినట్టు పోయి వచ్చింది, కంప్యూటరు కింద ఉన్న బ్యాటరీ డబ్బా కీచుమంది. మేడమ్ గడియారం చూశారు. పెంటమ్మకు ఆ కీచుమనే శబ్దంలో ఇంకో శబ్దం వినబడింది. పెద్దులు పోయిన మొదటి నెలల్లో ఆమె ఆ నంబరుకు చేసేది. ఏ మాటా చెప్పడానికి కాదు. తను వంట చేసే హాస్టల్‌లో గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, పిల్లలు చదువుకునే వేళ, వెనక గోడ దగ్గర నిలబడి చేసేది. ఒక ఆడమనిషి గొంతు వచ్చేది, మీరు చేసిన నంబరు మనుగడలో లేదని. ఆ గొంతు ఎంత శుభ్రంగా, ఎంత మర్యాదగా చెప్పేదంటే అది విన్నాకే పెంటమ్మకు నిద్ర పట్టేది. లేదు. సరే, లేదు. పడుకో. తర్వాత ఒక రోజు అలాగే చేసింది, ఆ గొంతు రాలేదు. మోగింది. చెలక పక్కన మట్టి కింద, బీడీల కట్ట పక్కన, తువ్వాల మడతలో ఆ ఫోను మోగుతున్నట్టు ఆమెకు కళ్లకు కట్టింది, చిన్న ఆకుపచ్చ కిటికీ వెలిగి అతని గడ్డం కింద వెలుతురు పడినట్టు. మోగడం ఆగింది. ఎవరో ఎత్తారు. ఊపిరి వినబడింది. ఆమె కట్ చేసింది. ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టింది. మళ్లీ ఆ నంబరుకు ఎప్పుడూ చెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం, పక్కనుంచి పోయినట్టు, స్నేహలతను అడిగింది. స్నేహలత హాస్టల్ పిల్ల, పాలమూరు వైపు నుంచి వచ్చి గ్రూప్స్ చదువుతోంది, పెంటమ్మకు అక్షరాలు నేర్పింది ఆమే. పలక మీద కాదు, పళ్లేల మీద. హాస్టల్‌కు వచ్చే ప్రతి పిల్లా ఇంటి నుంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చుకుంటుంది, ఆ పళ్లెం అంచున ఎవరి పేరో చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది, వాళ్ల అమ్మమ్మదో, పెళ్లికి ఎవరో పెట్టిన వాళ్లదో. తోముతూ తోముతూ వేలి కొసతో ఆ చుక్కలు తడుముతుంటే స్నేహలత పక్కన కూర్చుని ఇది ‘మ’, ఇది ‘ల్ల’ అని చెప్పేది. పెంటమ్మ మొదట చదివింది మల్లమ్మ అనే పేరు. ఎవరే ఈ మల్లమ్మ అని అడిగితే, మా నాయనమ్మ, సచ్చిపోయింది అని ఆ పిల్ల అన్నం కలుపుకుంటూ చెప్పింది. అట్లా ఒక్కొక్కరే పలికారు, సాయిలు, లచ్చవ్వ, బాలనర్సు. సగం మంది లేనివాళ్లే. లేనివాళ్ల పేర్ల మీదనే ఆమెకు చదువు వచ్చింది, రోజూ వాళ్లను కడిగి, తుడిచి, వాళ్ల మీద అన్నం వడ్డించింది. అలాంటి ఒక రోజు అడిగింది, సచ్చిపోయినోళ్ల ఫోన్ నంబర్ ఏమైతది స్నేహా. స్నేహలత పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది, “కొన్నొద్దులు చూసి కంపెనోళ్లు ఇంకొకలకిస్తరక్కా.” ఇంకొకలకంటే ఎవలకు. “ఎవలకైనా.” ఆ జవాబుతో భయం పోవాలి, కానీ పోలేదు. ఎవలకైనా అంటే ఎవరో తెలియనంత వరకూ అందులో అందరూ ఉంటారు, పెద్దులు కూడా ఉంటాడు.

“పెంటమ్మా, నీ ఫోన్ నుంచి చెయ్యి” అన్నారు మేడమ్. “కొత్త నంబరని ఎత్తడం లేదేమో.”

నాది మాత్రం పాత నంబరా అని పెంటమ్మ అనలేదు. కూతురి వైపు చూసింది. “నువ్వు చేయరాదే. నువ్వు మాట్లాడుతవు మంచిగ.” రోజా ఎప్పుడూ తల్లిని ఆటపట్టించే పిల్ల, మైక్రోబయాలజీ అనమని రోజూ అనిపించి, ‘మైకు రాబయాలజి అంట, మైకు పట్టుకోని ఎటు పోతవమ్మా’ అని పడిపడి నవ్విన పిల్ల, ఇప్పుడు కుర్చీ వెనక్కి జరిగింది. “నేను చెయ్య.” ఎందుకు అంటే చాలాసేపు గోరు గిల్లుకుంది. “నాయిన గొంతు నాకు యాదికి లేదమ్మా. మొకం ఉన్నది, ఫోటో ఉన్నది గాబట్టి. గొంతు లేదు. ఇప్పుడు ఎవడో ఎత్తి మాట్లాడిండనుకో, ఇగ నాకు గదే గొంతు అయితది. గా నంబర్‌ల కెళ్లి వచ్చిన గొంతు గదొక్కటే ఉంటది.” అని, లేచి, వరండాలోకి పోయి నిలబడింది, రెండు చెవులూ చేతులతో మూసుకుని, వానకు వీపు పెట్టి. మేడమ్ పద్ధతి ఒకటుంది, బటన్ నొక్కే ముందు పిల్లా చెప్పాలి, వెంట వచ్చిన పెద్దవాళ్లూ చెప్పాలి, ఏం చదవబోతోందో, గట్టిగా, చెప్పలేకపోతే నొక్కనివ్వరు. కాలేజీలు వరసగా పెట్టుకున్న రోజు పెంటమ్మ చెప్పింది, కంటికి కనబడని పురుగుల చదువు మేడమ్. మేడమ్ నవ్వి అన్నారు, “అంతే. కనబడకపోయినా ఉంటాయి. ఉన్నాయని తెలుసుకోవడమే చదువు.” ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, వెన్ను మీద చల్లటి వేలు ఒకటి పైనుంచి కిందికి దిగింది.

నంబరు చూసుకోనక్కర్లేదు. వేలికి తెలుసు. తొమ్మిది, గుండు, గుండు, ట్రాలీ చక్రం కీచుమంటూ, ముందు అతని వీపు, చెమటకు అంటుకున్న బనియను, ఆఖరి అంకె నొక్కాక వేలు కాసేపు అక్కడే ఉండిపోయింది. అద్దం కింద పిల్లలంతా చూస్తున్నారు. నొక్కింది. ఒక్కసారి మోగింది. ఒక్కసారే. ఎత్తారు.

మేడమ్ చేస్తే మోగి మోగి ఆగిన ఫోను. అటువైపు ఊపిరి. అదే ఊపిరి, అని ఆమె లోపల ఎవరో అన్నారు, ఊపిరికి గుర్తేం ఉంటుంది, అయినా అన్నారు. ఊపిరి వెనక గాలి, గాలి వెనక ఎండుటాకులు జరుగుతున్న చప్పుడు, ఇక్కడ వాన పడుతోంది, అక్కడ పడటం లేదు. తర్వాత సన్నగా ఒక దగ్గు.

“చెప్పు బిడ్డా” అన్నాడు. ముసలి గొంతు, తొందర లేని గొంతు. “మళ్ల చేస్తవని ఎర్కనే.”

అతనే అన్నాడు. “అప్పుడోపారి చేసి కట్ చేసినవ్ గద. ఎవలో తప్పిపోయి చేసిన్రనుకున్న. తప్పిపోయినోళ్లు మళ్ల చేస్తరు గదా అని నంబర్ దాసి పెట్టిన. తెల్వని నంబర్లు ఎత్త నేను. ఇది ఎత్తిన.”

తప్పిపోయినోళ్లు. స్తంభం దగ్గర పొద్దూకేదాకా నిలబడ్డ కాళ్లు గుర్తొచ్చాయి. మేడమ్ బల్ల మీద వేలితో గడియారం చూపిస్తున్నారు. పెంటమ్మ మొదలుపెట్టింది, అయ్యా, మీ ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చిందయ్యా, అంకెలుంటయి, మా బిడ్డ కాలేజీది, జర చెప్పుండ్రి, టైం లేదు, అని అన్నీ ఒకే ఊపిరిలో. ఆ గొంతు మెల్లగా అడిగింది.

“రోజాదా?”

మేడమ్‌కు కూడా వినబడినట్టుంది, కుర్చీలో ముందుకు వంగారు. ఆమె కూతురి పేరు చెప్పలేదు. చెప్పలేదని ఆమెకు తెలుసు. వరండాలో రోజా వీపు కనబడుతోంది, చెవులు మూసుకునే ఉంది. పరుగెత్తి దాన్ని లోపలికి లాక్కోవాలనిపించింది, వాన నుంచి కాదు.

“పరేషాన్ గాకు” అన్నాడు అతను. “బడోళ్ల మెసేజ్‌లన్ని నాకే వస్తయి. తెలుగుల వచ్చినయి అక్షరాలు గూడబలుక్కోని చదువుత. మీ అమ్మాయి రోజా నేడు బడికి రాలేదు, మీ అమ్మాయి రోజాకు లెక్కల్ల ఇన్ని మార్కులు. పదో తరగతి పాసైందని కూడ నాకే వచ్చింది. నాకు ఇంకెవలు పంపరు మెసేజ్‌లు.” దగ్గాడు. “ఓపారి రోజా రాలేదు, రోజా రాలేదు అని దినాం వస్తనే ఉండె. జరమొచ్చెనా ఏందని ఫికరైంది. ఎవలను అడగాలె. బడోళ్లకు చేస్తే అది మిషినంట, మాట్లాడదంట. మళ్ల ఒకరోజు మెసేజ్ రాలే. అంటే బడికి వచ్చిందన్నట్టు గద. ఆ రోజు కడుపునిండ తిన్న.”

డెంగీ. ఏడో తరగతిలో. ఆసుపత్రి వరండాలో చాప మీద పెంటమ్మ ఒక్కతే, పిల్ల ఒళ్లు పొయ్యి మీద పెనంలా కాలిపోతుంటే తడిగుడ్డ మార్చుతూ, మనకోసం ఇప్పుడు ఎవరన్నా ఆలోచిస్తున్నారా అని, ఈ ఊళ్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా ఈ పిల్ల ఎట్లుందో అనుకుంటున్నారా అని. అనుకున్నారు. ఎక్కడో ఎండుటాకుల మధ్య కూర్చుని ఎవరో అనుకున్నారు. ఆ నంబరు చెబితే వస్తానన్నాడు. రాలేదనుకుంది. కిటికీ బయట చీకటి ఇంకా దిగింది, అద్దంలో ఇప్పుడు పిల్లల మొహాల మీద ఆమె మొహం కూడా తేలుతోంది, ఏది కింద ఉందో ఏది పైన ఉందో తెలియడం లేదు.

“పెంటమ్మా” అన్నారు మేడమ్, గట్టిగా. “అంకెలు.”

అతను చెప్పాడు, ఆమె తిరిగి చెప్పింది, మేడమ్ కొట్టారు. కంప్యూటరు ఎర్ర అక్షరాలు చూపించింది. గడువు దాటిన ఓటీపీ. మొదట పంపింది అప్పుడే చచ్చిపోయింది. మేడమ్ కొత్తది పంపమని నొక్కారు, నొక్కగానే కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది. కంప్యూటరు కింద డబ్బా కీచుకీచుమంటూ, దాని ఊపిరి ఉన్నంత సేపే తెర వెలుతురు, ఆ నీలి వెలుతురులో మేడమ్ మొహం కూడా ఒక ఫోటోలా ఉంది. గదిలో వెలుగుతున్నది ఆ ఒక్క కిటికీయే. పెంటమ్మ దాన్ని రెప్ప వేయకుండా చూసింది, ఈసారి ఆరిపోతే తన కళ్ల ముందే ఆరిపోవాలన్నట్టు. అయ్యా, ఇంకోటి వస్తది చూడుండ్రి, అంది. రాలేదన్నాడు. ఇంకా రాలేదన్నాడు. సిగ్నలు దొరకదు ఇక్కడ, జర పైకి రావాలె, ఉండు, అన్నాడు. పైకి రావాలె అన్నాడు. ఆకుల మీద అడుగులు, ఒక మూలుగు, మట్టి జారినట్టు ఏదో చప్పుడు, లేచి నిలబడుతున్న ముసలి మోకాళ్లు. పెంటమ్మ కళ్లు మూసుకుంది. ఎక్కడికెళ్లి పైకి వస్తున్నవు. అడగలేదు. అడిగితే చెబుతాడు. మెల్లగ రా, అనుకుంది లోపల, ఆ మాట ఎవరితో అనుకుందో ఆమెకు తెలుసు, మెల్లగ రా, బిడ్డ సీటు పోతది, కానీ మెల్లగ రా, పడతవు.

“వచ్చింది” అన్నాడు. “ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు చెప్త రాస్కో. మూడు. ఎనిమిది. గుండు.”

పెంటమ్మ తిరిగి చెప్పలేకపోయింది. మేడమ్ ఆమె భుజం పట్టుకుని కుదిపారు. “మూడు, ఎనిమిది, తర్వాత?” గుండు, అంది పెంటమ్మ. మేడమ్‌కు అర్థం కాలేదు. సున్నా, అంది. “నాలుగు” అన్నాడు అతను, “మళ్ల గుండు. ఆఖర్న ఒకటి.” ఆమె చెప్పింది. చెబుతున్నంత సేపూ చేతులకు ట్రాలీ బరువు తెలిసింది, ముందు ఎవరో తొక్కుతున్నారు, తను వెనక తోస్తోంది. ఆ ముసలాయన ఊరి పక్క వాళ్లంతా సున్నాను అలాగే అంటారేమో. అనొచ్చు. అనే ఉంటారు.

తెర మీద ఆకుపచ్చగా ఒక పలక వెలిగింది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “అయిపోయింది, ఖాయం” అన్నారు. పెంటమ్మ ఫోనులో, అయిందయ్యా, మీ పుణ్యం, అంది. “మంచిగ చదువుకొమ్మను” అన్నాడు. వెనక ఆకులు. “ఇగ నంబర్ మారుస్తరా మరి?” అంతే అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోగా, “మారిస్తే మార్చుండ్రి, మంచిదే” అని, దగ్గి, పెట్టేశాడు.

కంప్యూటరు డబ్బా ఊపిరి ఆగేలోపు మేడమ్ ఇంకో పేజీ తెరిచారు. “సీటు ఖాయమయ్యాక నంబరు ఇక్కడినుంచే మార్చనిస్తారు, ఇప్పుడే మార్చేద్దాం పెంటమ్మా. రేపు ఫీజని, పరీక్షని, హాల్ టికెట్టని అన్నీ దానికే వెళతాయి. ఎవరో ఏమిటో, ఈయన మంచివాడు కాబట్టి సరిపోయింది.” మేడమ్ చెప్పింది నిజమే. పెంటమ్మ తన నంబరు చెప్పడానికి రోజాను భుజం తట్టి పిలిచింది, రోజా చెవుల మీది చేతులు తీసి, తల్లి మొహం చూసి, ఖాయమైందని తెలిసి, తన ఫోనులోంచి అమ్మ నంబరు చదివి వినిపించింది. మేడమ్ కొట్టారు. “కింద ఇంకో గడి ఉంది, తండ్రి నంబరు అని. ఇందులో పాతదే ఉండిపోయింది. తీసేయనా?”

వాన ఒక్కసారిగా పెరిగింది. పెంటమ్మ ఆ గడి వైపు చూసింది. ఇప్పుడు ఆమెకు చదవడం వచ్చు, పైన తండ్రి అని ఉంది, కింద ఆ పది అంకెలు. “ఉండనియ్యుండ్రి మేడమ్” అంది. మేడమ్ ఆమెను చూశారు, కూతురిని చూశారు, నొక్కేశారు. తర్వాత బల్ల అంచు దగ్గర అద్దం కొంచెం లేపి, రోజా ఫోటో లోపలికి తోశారు. చెరిగిపోయిన మొహాల పక్కన కొత్త మొహం, నల్లగా, మెరుస్తూ, పైకి చూస్తూ. పెంటమ్మ ఒంట్లో ఏదో ఉలిక్కిపడింది, కానీ చేయి అడ్డం పెట్టలేదు. అందరూ అందులోకి పోతున్నారు, అందులోంచి చూస్తున్నారు, అక్కడ కూడా చదువులు నడుస్తున్నాయేమో.

“ఇంతకీ ఏ ఊరట ఆయనది? పేరేంటి?” అన్నారు మేడమ్, అద్దం దించుతూ.

“అడగలే మేడమ్.”

“అయ్యో, అడగొద్దూ.”

అడగొచ్చు. ఇప్పుడైనా చేసి అడగొచ్చు. నాలుక చివర వరకూ వచ్చింది ఆ ప్రశ్న, ఏ ఊరయ్యా మీది, ఎవలయ్యా మీరు, అప్పుడే మింగేసింది. అడిగితే ఒక ఊరు చెబుతాడు, ఒక పేరు చెబుతాడు, ఎవరో ఒకరైపోతాడు. ఇక ఆ తర్వాత ఎవలకైనా అన్న మాటలో పెద్దులుకు చోటుండదు.

వాన తగ్గాక ఇద్దరూ లైబ్రరీ పక్క నుంచి అశోక్ నగర్ వైపు నడిచారు. చాయ్ బండ్ల దగ్గర పిల్లలు పుస్తకాలు కవర్లలో చుట్టుకుని నిలబడి ప్రశ్నలు అడుక్కుంటున్నారు, ఆవిరిలో వాళ్ల మొహాలు కనబడటం లేదు, గొంతులు మాత్రం వస్తున్నాయి. హాస్టల్ సందు మొదట్లో రోజా నడక నెమ్మదించింది. తల్లి కొంగు చివర పట్టుకుంది, చిన్నప్పటిలా.

“అమ్మా.”

“ఆఁ.”

“గొంతు ఎట్లున్నది?”

పెంటమ్మ కొంచెం సేపు నడిచింది. “ముసలిగయ్యింది బిడ్డా” అంది. “జర దగ్గున్నది. కానీ మంచిగున్నది.”

సరిగ్గా అప్పుడే పెంటమ్మ నడుము దగ్గర దోపుకున్న ఫోను ఒకసారి వణికింది, సీటు ఖాయమైందని సైటు వాళ్లు తెలుగులో పంపిన మెసేజ్. ఆమె సందు దీపం కింద నిలబడి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కూతురి పేరు చదివింది. ఇదే మాట ఇదే ఘడియలో అక్కడికి కూడా పోయి ఉంటుంది. ఎక్కడో, ఆకులు జరిగే చోట, మట్టి వాసన ఉన్న చీకట్లో, ఆకుపచ్చగా ఒక చిన్న కిటికీ వెలిగి ఉంటుంది, ఎవరో దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, గూడబలుక్కుంటూ, రో, జా, అని చదువుకుంటూ ఉంటారు.

ఇది రాసింది పెంటమ్మ. వయసు యాభై మూడు ఉండొచ్చు, పుట్టిన ఏడాది ఇంట్లో చెప్పినవాళ్లు లేరు. ముందు అశోక్ నగర్ హాస్టల్‌లో వంట చేస్తూ అక్కడే ఉండేది. ఇప్పుడు నారాయణగూడలో, కూతురి కాలేజీ గంట వినబడేంత దగ్గరలో, ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది.